స్ప్రింగ్ బూట్‌లో ట్రాన్సాక్షన్ పెట్టుకోవడం ఎలా? పెట్టినా రోల్‌బ్యాక్ అవ్వకపోతే ఎక్కడ చూడాలి?

“@ట్రాన్సాక్షనల్ పెట్టానండీ, అయినా సగం డేటా సేవ్ అయిపోయింది.” జావా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. (స్ప్రింగ్ బూట్ ఒక జావా ఫ్రేమ్‌వర్క్, @ట్రాన్సాక్షనల్ అందులో మెథడ్ మీద పెట్టే గుర్తు.) ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. సిద్ధాంతం జోలికి పెద్దగా పోను. వరుసగా చేసుకుంటూ వెళ్లండి, ప్రతి మెట్టు దగ్గర ఫలితం చూసుకోండి.

ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే పట్టుకుందాం. చిట్టీల అప్లికేషన్. సభ్యుడు నెల వాయిదా 5,000 రూపాయలు కట్టాడు. అప్పుడు పేమెంట్స్ టేబుల్లో ఒక వరుస చేరాలి, సభ్యుడి బాకీ 20,000 నుంచి 15,000కి తగ్గాలి, అతని ఫోన్‌కి రసీదు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. మొదటి రెండూ జరిగితే రెండూ జరగాలి, లేదంటే ఒక్కటీ జరగకూడదు. ఇలా పనుల్ని కట్టగట్టడమే ట్రాన్సాక్షన్. అన్నీ సరిగ్గా జరిగి ఖాయం చేస్తే కమిట్, తప్పొచ్చి చేసినదంతా వెనక్కి తెస్తే రోల్‌బ్యాక్. ఎస్సెమ్మెస్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కావలసినవి: స్ప్రింగ్ బూట్ 3 ప్రాజెక్టు, అందులో స్ప్రింగ్ డేటా జేపీఏ స్టార్టర్, మైఎస్‌క్యూఎల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ, డేటాబేస్‌ని బయటి నుంచి చూడటానికి డీబీవర్ లాంటి టూల్ ఒకటి. ట్రాన్సాక్షన్ మేనేజర్‌ని బూట్ తనే తయారు చేస్తుంది. @ఎనేబుల్‌ట్రాన్సాక్షన్‌మేనేజ్‌మెంట్ మీరు విడిగా రాయనక్కర్లేదు. ఇక్కడ పేర్లన్నీ తెలుగులో ఇస్తున్నాను, ఫైల్లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

1. ముందు టేబుల్ చూడండి

మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే మీ టేబుల్ ఇంజిన్ ఏమిటో చూడండి. ఇన్నోడీబీ అయితే సరే. పాత ప్రాజెక్టుల్లో మైఐశామ్ టేబుళ్లు ఇంకా కనిపిస్తుంటాయి. వాటికి ట్రాన్సాక్షన్ అంటేనే తెలియదు. మీరు రోల్‌బ్యాక్ అడిగినా వరుస అక్కడే ఉంటుంది. 5.5 వెర్షన్ నుంచి డీఫాల్ట్ ఇన్నోడీబీయే కాబట్టి కొత్త టేబుళ్లతో ఈ ఇబ్బంది రాదు. కానీ ఎప్పటిదో పాత డంప్ నుంచి ఎక్కించిన టేబుల్ అయితే ఒక్క నిమిషం పెట్టి చూసుకోండి.

2. లాగ్ ఆన్ చేయండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, తర్వాత గంటల తరబడి తల పట్టుకుంటారు. అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో ఈ రెండు లైన్లు పెట్టండి:

లాగింగ్.లెవెల్.ఆర్గ్.స్ప్రింగ్‌ఫ్రేమ్‌వర్క్.ట్రాన్సాక్షన్.ఇంటర్‌సెప్టర్=ట్రేస్
లాగింగ్.లెవెల్.ఆర్గ్.స్ప్రింగ్‌ఫ్రేమ్‌వర్క్.ఓఆర్‌ఎమ్.జేపీఏ.జేపీఏట్రాన్సాక్షన్‌మేనేజర్=డీబగ్

ఇక ట్రాన్సాక్షన్ మొదలైనప్పుడు “క్రియేటింగ్ న్యూ ట్రాన్సాక్షన్ విత్ నేమ్” అని, దాని పక్కనే మెథడ్ పేరు కనిపిస్తుంది. అప్పటికే నడుస్తున్న దాంట్లో చేరితే “పార్టిసిపేటింగ్ ఇన్ ఎగ్జిస్టింగ్ ట్రాన్సాక్షన్” అని వస్తుంది. ముగింపు దగ్గర “ఇనీషియేటింగ్ ట్రాన్సాక్షన్ కమిట్” లేదా “రోల్‌బ్యాక్” ఉంటుంది. ఇక్కడి నుంచి మీ కోడ్‌లో ఏం రాశారన్నది కాదు, లాగ్‌లో ఏం కనిపిస్తోందన్నదే లెక్క.

3. సర్వీస్ మెథడ్ మీద పెట్టండి

@ట్రాన్సాక్షనల్
పబ్లిక్ వాయిడ్ జమచేయి(లాంగ్ సభ్యుడిఐడీ, బిగ్‌డెసిమల్ మొత్తం) {
  పేమెంట్‌రిపో.సేవ్(...);
  సభ్యుడిరిపో.బాకీతగ్గించు(...);
}

కంట్రోలర్ మీద వద్దు, రిపోజిటరీ మీద వద్దు. ఏ రెండు పనులు కలిసి జరగాలో వాటిని కలిపి పిలిచే మెథడ్ ఏదో, దాని మీద పెట్టాలి. “రిపోజిటరీకి ముందే ట్రాన్సాక్షన్ ఉంటుంది కదా” అని అడుగుతారు. ఉంటుంది, చిక్కంతా అక్కడే. స్ప్రింగ్ డేటా ఇచ్చే సేవ్() మెథడ్‌కి దాని సొంత ట్రాన్సాక్షన్ ఉంది. సర్వీస్‌లో మీరేమీ పెట్టకపోతే ప్రతి సేవ్() దేనికదే కమిట్ అయిపోతుంది. రెండోది పడిపోయినా మొదటిది టేబుల్లో ఉండిపోతుంది. సగం డేటా వచ్చేది ఇలాగే.

ఇంపోర్ట్ కూడా ఒకసారి చూసుకోండి. ఐడీఈ రెండు @ట్రాన్సాక్షనల్‌లు చూపిస్తుంది: ఒకటి స్ప్రింగ్‌ది, ఇంకొకటి జకార్తాది. జకార్తాది కూడా స్ప్రింగ్‌లో పనిచేస్తుంది. కానీ ఐసోలేషన్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని మార్పులు ఒకటి ఎంతవరకు చూడొచ్చన్న అమరిక), రీడ్‌ఓన్లీ, టైమ్‌అవుట్ దాంట్లో ఉండవు. స్ప్రింగ్‌దే తీసుకోండి.

4. కావాలనే పగలగొట్టండి

రెండు లైన్ల మధ్యలో ఇఫ్(ట్రూ) పెట్టి (ఉత్త త్రో అయితే కింది లైన్ ఎప్పటికీ నడవదని కంపైలర్ ఒప్పుకోదు) ఒక రన్‌టైమ్‌ఎక్సెప్షన్ విసరండి. అప్లికేషన్ నడిపి వాయిదా జమ చేయండి. లాగ్‌లో రోల్‌బ్యాక్ కనిపించాలి. తర్వాత డీబీవర్‌లో పేమెంట్స్ టేబుల్ చూడండి, కొత్త వరుస ఉండకూడదు.

ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. డీబీవర్‌లో ఆటోకమిట్ ఆఫ్‌లో ఉండి, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, మీకు కనిపించేది మీ సెషన్ మొదట తీసుకున్న పాత చిత్రం కావచ్చు. అక్కడ ఒకసారి కమిట్ కొట్టి మళ్లీ క్వెరీ నడపండి. రెండోది ఐడీ నంబర్లు. రోల్‌బ్యాక్ తర్వాత వచ్చే పేమెంట్‌కి 41 పక్కన 42 కాకుండా 43 పడుతుంది. అది తప్పు కాదు. ఆటో ఇంక్రిమెంట్ అయినా సీక్వెన్స్ అయినా ట్రాన్సాక్షన్‌తో పాటు వెనక్కి రాదు. అందుకే రసీదు నంబర్లు వరుస తప్పకూడదని ఆడిటర్ పట్టుబట్టే చోట ఈ ఐడీనే రసీదు నంబరుగా వాడకండి.

ఇప్పుడు ఆ రన్‌టైమ్‌ఎక్సెప్షన్ తీసేసి, దాని స్థానంలో మామూలు ఎక్సెప్షన్ విసరండి. మెథడ్ పక్కన త్రోస్ రాయాల్సి వస్తుంది, రాయండి. మళ్లీ నడిపి టేబుల్ చూడండి. ఈసారి వరుస చేరిపోయి ఉంటుంది, బాకీ మాత్రం తగ్గదు. మొదటిసారి చూసినవాళ్లు ఎవరూ నమ్మరు. అందుకే చదివి ఊరుకోకుండా చేసి చూడమంటున్నాను.

5. రోల్‌బ్యాక్ అవ్వకపోతే ఈ వరుసలో వెతకండి

మొదటి అనుమానం ఇప్పుడు మీరు చూసిందే. స్ప్రింగ్ డీఫాల్ట్‌గా రన్‌టైమ్‌ఎక్సెప్షన్‌కీ, ఎర్రర్‌కీ మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోవాలి లేదా త్రోస్ రాయాలి అని కంపైలర్ పట్టుబట్టేది) వస్తే కమిట్ చేసేస్తుంది. ఐఓఎక్సెప్షన్, లేదా ఎక్సెప్షన్ నుంచి ఎక్స్‌టెండ్ చేసి మీ టీమ్ రాసుకున్న సొంత క్లాస్, అన్నీ ఆ గూటివే. మందు: @ట్రాన్సాక్షనల్(రోల్‌బ్యాక్‌ఫర్ = ఎక్సెప్షన్.క్లాస్). ప్రతి మెథడ్ మీదా రాయడం మరిచిపోతాం అనుకుంటే స్ప్రింగ్ 6.2 నుంచి ఇంకో దారి ఉంది. @ఎనేబుల్‌ట్రాన్సాక్షన్‌మేనేజ్‌మెంట్ రాసి అందులో రోల్‌బ్యాక్‌ఆన్‌కి ఆల్_ఎక్సెప్షన్స్ ఇస్తే ప్రాజెక్టు మొత్తానికి వర్తిస్తుంది. కొత్త ప్రాజెక్టు అయితే నేను ఇదే పెడతాను. పాత ప్రాజెక్టులో పెట్టే ముందు చెక్డ్ ఎక్సెప్షన్ వచ్చినా కమిట్ అవ్వాలని ఆధారపడ్డ కోడ్ ఎక్కడైనా ఉందేమో వెతకండి.

రెండో అనుమానం: అదే క్లాస్‌లోంచి పిలవడం. నా అనుభవంలో ఎక్కువమందిని పట్టుకునేది ఇదే. నెలాఖరున అందరి వాయిదాలూ ఒకేసారి ఎక్కించడానికి అదే సర్వీస్‌లో అందరివీజమచేయి() అని ఒక మెథడ్ రాశారనుకోండి. లూప్‌లో జమచేయి()ని పిలుస్తోంది. జమచేయి() మీద @ట్రాన్సాక్షనల్ ఉంది, అయినా పనిచేయదు. స్ప్రింగ్ మీ క్లాస్ ముందు ప్రాక్సీని నిలబెడుతుంది, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌లాగా. బయటి నుంచి వచ్చేవాళ్ల పేరు అతను పుస్తకంలో రాసుకుంటాడు. మీరు హాల్లోంచి వంటింట్లోకి వెళ్తే అతనికి తెలిసే దారి లేదు. లోపలి నుంచి లోపలికి వెళ్లే కాల్ ప్రాక్సీని తాకదు కాబట్టి ట్రాన్సాక్షన్ మొదలే కాదు.

సరిచేయడానికి మంచి పద్ధతి, లూప్ ఉన్న మెథడ్‌ని వేరే క్లాస్‌లోకి మార్చడం. క్లాస్ పెంచడం ఇష్టం లేకపోతే స్ప్రింగ్ ఇచ్చే ట్రాన్సాక్షన్‌టెంప్లేట్ తీసుకుని, లూప్ లోపల జమ చేసే కోడ్‌ని దాని ఎగ్జిక్యూట్‌లో రాయండి. ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కోడ్‌లోనే కంటికి కనిపిస్తుంది. క్లాస్ తనను తానే ఇంజెక్ట్ చేసుకునే పద్ధతీ ఉంది. పనిచేస్తుంది కానీ ఆరు నెలల తర్వాత వచ్చినవాళ్లు “ఇదెందుకు?” అని తీసేస్తారు. నేను వాడను.

ఇదే కోవలోకి వచ్చేవి: ప్రైవేట్ మెథడ్ మీద పెడితే పనిచేయదు. మీరే న్యూ అని తయారు చేసిన ఆబ్జెక్ట్‌కి ప్రాక్సీ ఉండదు. ఫైనల్ మెథడ్ అయితే ఇంకా విచిత్రంగా ఉంటుంది. ప్రాక్సీ దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు కాబట్టి కాల్ ప్రాక్సీ ఆబ్జెక్ట్ మీదే నడుస్తుంది, అందులో ఫీల్డులన్నీ ఖాళీ. @ఆటోవైర్డ్ పెట్టిన రిపోజిటరీ నల్ అని ఎక్సెప్షన్ వచ్చి మీకు దిక్కు తోచకపోతే ముందు ఆ ఫైనల్ అన్న మాట వెతకండి.

మూడో అనుమానం: ట్రై, క్యాచ్. ఎక్సెప్షన్‌ని పట్టుకుని లాగ్‌లో రాసి వదిలేస్తే స్ప్రింగ్‌కి ఏం జరిగిందో తెలియదు, కమిట్ చేస్తుంది. పట్టుకుంటే మళ్లీ విసరండి. దీనికి తిరగబడిన రూపం కూడా ఉంది. లోపల వేరే సర్వీస్ మెథడ్ ఎక్సెప్షన్ విసిరింది, బయటి మెథడ్ పట్టుకుని “ఫర్వాలేదు” అని ముందుకెళ్లింది, చివర్లో అన్‌ఎక్స్‌పెక్టెడ్‌రోల్‌బ్యాక్‌ఎక్సెప్షన్ వచ్చింది. మెసేజ్‌లో “మార్క్‌డ్ యాజ్ రోల్‌బ్యాక్-ఓన్లీ” అని ఉంటుంది. ఇద్దరూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉన్నారు. లోపలి మెథడ్ గేటు దాటి బయటికి వస్తున్నప్పుడే ప్రాక్సీ దాని మీద ‘ఇక రోల్‌బ్యాకే’ అని ముద్ర వేసింది. తర్వాత మీరు క్యాచ్ చేసినా ఆ ముద్ర చెరగదు. లోపలి పని పోయినా బయటి పని నిలవాలంటే అది కింది మెట్టులో సంగతి.

పోస్ట్‌గ్రెస్ వాళ్లకు ఇంకో మాట. క్వెరీలో ఒకసారి ఎర్రర్ వస్తే ఆ ట్రాన్సాక్షన్‌లో తర్వాతి క్వెరీలేవీ నడవవు. “కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్” అంటుంది. డూప్లికేట్ వరుస ఎర్రర్‌ని పట్టుకుని ఇంకో క్వెరీ నడిపే కోడ్ మైఎస్‌క్యూఎల్ నుంచి తెచ్చారంటే ఇక్కడ ఆగిపోతుంది.

ఈ మూడూ కాకపోతే డేటాబేసులు రెండున్నాయేమో చూడండి. ట్రాన్సాక్షన్ మేనేజర్లు రెండుంటే, ప్రైమరీ అని గుర్తు పెట్టినదే తీసుకుంటుంది. మీ టేబుల్ రెండో డేటాబేస్‌లో ఉంటే ట్రాన్సాక్షన్ ఒకచోట, డేటా ఇంకోచోట. @ట్రాన్సాక్షనల్ బ్రాకెట్లో మేనేజర్ పేరు ఇవ్వండి. అలాగే @అసింక్ మెథడ్, ప్యారలల్ స్ట్రీమ్ వేరే థ్రెడ్లలో నడుస్తాయి, ట్రాన్సాక్షన్ వాటి వెంట వెళ్లదు.

6. ప్రాపగేషన్ మార్చే ముందు కనెక్షన్లు లెక్కపెట్టండి

ప్రాపగేషన్ అంటే, ఒక ట్రాన్సాక్షన్ నడుస్తుండగా ఇంకో మెథడ్‌ని పిలిస్తే దాంట్లో చేరాలా, కొత్తది తెరవాలా అన్నది. డీఫాల్ట్ రిక్వైర్డ్: ఉన్న ట్రాన్సాక్షన్‌లో చేరుతుంది, లేకపోతే కొత్తది మొదలుపెడుతుంది. నూటికి తొంభై చోట్ల ఇది చాలు. జమ విఫలమైనా “ఫలానా గుమాస్తా ప్రయత్నించాడు” అన్న ఆడిట్ వరుస మిగలాలంటే ఆడిట్ మెథడ్ మీద రిక్వైర్స్_న్యూ పెడతారు. పెట్టండి, కానీ దాని ఖరీదు తెలిసి పెట్టండి.

రిక్వైర్స్_న్యూ అంటే బయటి ట్రాన్సాక్షన్ కనెక్షన్ పట్టుకునే ఉంటుంది, లోపలిది ఇంకో కనెక్షన్ తీసుకుంటుంది. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి దాచి, అడిగినవాళ్లకు ఇచ్చేది హికారీ పూల్, దాని డీఫాల్ట్ 10 కనెక్షన్లు. ఒకేసారి పది రిక్వెస్టులు వచ్చి పదీ తలొకటి పట్టుకున్నాయనుకోండి. పదీ రెండోదాని కోసం చూస్తాయి, ఎవరూ వదలరు. డీఫాల్ట్‌గా 30 సెకన్లు అందరూ అలాగే నిలబడి, తర్వాత “కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్” అని పడిపోతారు. మీ ల్యాప్‌టాప్ మీద ఒక్కరే టెస్ట్ చేస్తున్నప్పుడు ఇది ఎప్పటికీ రాదు. అందరూ వాయిదా కట్టే రోజు వస్తుంది.

హికారీ వాళ్లు చెప్పే లెక్క: థ్రెడ్ల సంఖ్యని, ఒక్కో థ్రెడ్‌కి కావలసిన కనెక్షన్లలో ఒకటి తగ్గించి గుణించి, ఒకటి కలపాలి. బూట్‌లోని వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ డీఫాల్ట్ 200 థ్రెడ్లు, ఒక్కోదానికి రెండు కనెక్షన్లు అంటే 201. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్‌గా ఇచ్చేదే 100, మైఎస్‌క్యూఎల్ 151. కాబట్టి పూల్ పెంచుకుంటూ పోవడం దారి కాదు. ఆడిట్ రాయడాన్ని జమచేయి() బయటికి, దాన్ని పిలిచే చోటికి తీసుకురండి. ఒకదాని తర్వాత ఒకటిగా నడిస్తే ఒక్క కనెక్షన్ సరిపోతుంది. అలా చేస్తే స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్-ఇన్-వ్యూ కూడా ఫాల్స్ చేయండి. డీఫాల్ట్‌గా ట్రూ ఉంటుంది, రిక్వెస్ట్ ముగిసేదాకా డేటాబేస్ సెషన్‌ని తెరిచి ఉంచుతుంది, కనెక్షన్ కూడా దాంతోనే ఉండిపోవచ్చు.

ఇంకో హెచ్చరిక: బయటి ట్రాన్సాక్షన్ ఒక వరుసని అప్‌డేట్ చేసి ఉంటే, లోపల రిక్వైర్స్_న్యూలో అదే వరుసని ముట్టుకోకండి. మీ లాక్ కోసం మీరే ఎదురుచూస్తారు. డేటాబేస్ దీన్ని డెడ్‌లాక్‌గా గుర్తుపట్టలేదు. మైఎస్‌క్యూఎల్ 50 సెకన్ల తర్వాత వదిలేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్‌లో అయితే అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

7. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి నొక్కితే

సభ్యుడి బాకీ 20,000. ఒక కౌంటర్లో అతను, ఇంకో కౌంటర్లో అతని కొడుకు చెరో 5,000 కట్టారు. రెండు రిక్వెస్టులూ 20,000 అని చదివాయి, రెండూ 15,000 అని రాశాయి. పది వేలు కట్టారు, తగ్గింది ఐదు వేలే. @ట్రాన్సాక్షనల్ ఒక్కటే దీన్ని ఆపదు. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ రీడ్ కమిటెడ్ ఆపదు, మైఎస్‌క్యూఎల్ డీఫాల్ట్ రిపీటబుల్ రీడ్ కూడా ఆపదు.

నేను మొదట చూసేది: చదివి, జావాలో తగ్గించి, రాయడం మానేసి, క్వెరీలోనే “బాకీ = బాకీ - మొత్తం” అని అప్‌డేట్ చేయొచ్చా? చేయగలిగితే అంతకంటే తేలిక ఇంకేదీ లేదు. అలా కుదరకపోతే ఎంటిటీలో @వెర్షన్ ఫీల్డ్ పెట్టండి. రెండో గుమాస్తాకి ఆప్టిమిస్టిక్ లాకింగ్ ఎక్సెప్షన్ వస్తుంది, మళ్లీ ప్రయత్నించాలి. ఆ మళ్లీ ప్రయత్నించే లూప్ ట్రాన్సాక్షన్ బయట ఉండాలి, లోపల పెడితే ప్రయోజనం లేదు. గొడవ తరచూ పడే వరుస అయితే, చదివేటప్పుడే దానికి తాళం వేసే పెసిమిస్టిక్_రైట్ లాక్ పెట్టండి.

ఐసోలేషన్ మార్చాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. అది కొత్త ట్రాన్సాక్షన్ మొదలైనప్పుడే అమలవుతుంది. లోపలి మెథడ్ మీద సీరియలైజబుల్ అని రాసినా, అది బయటి ట్రాన్సాక్షన్‌లో చేరితే మీరు రాసింది ఎవరూ పట్టించుకోరు, ఎర్రర్ కూడా రాదు.

8. ఎస్సెమ్మెస్ కమిట్ తర్వాతే

ఇలాంటి అప్లికేషన్ మీద నేను పనిచేస్తున్నప్పుడు ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరికి వచ్చి ఫోన్ చూపించారు. స్క్రీన్ మీద “మీ వాయిదా అందింది” అన్న మెసేజ్ ఉంది, తేదీతో సహా. మా కంప్యూటర్లో ఆవిడ పేరు బాకీదారుల జాబితాలో ఉంది. గుమాస్తా కంప్యూటర్‌నే నమ్మాడు. ఆవిడ ఫోన్‌ని గట్టిగా పట్టుకుని “నేను కట్టాను బాబూ” అని మూడుసార్లు అన్నారు. జరిగిందేమిటంటే, ఎస్సెమ్మెస్ పంపే లైన్ @ట్రాన్సాక్షనల్ మెథడ్ లోపల ఉంది. మెసేజ్ వెళ్లిపోయింది, ఆ తర్వాత కమిట్ దగ్గర డేటాబేస్ ఎర్రర్ వచ్చింది. డేటా వెనక్కి వచ్చింది, మెసేజ్ రాదు కదా.

కాబట్టి జమచేయి()లో ఎస్సెమ్మెస్ పంపకండి, ఒక ఈవెంట్ పబ్లిష్ చేయండి. దాన్ని అందుకునే మెథడ్ మీద @ట్రాన్సాక్షనల్‌ఈవెంట్‌లిజనర్ పెట్టండి. డీఫాల్ట్‌గా అది కమిట్ అయ్యాకే నడుస్తుంది. ఎస్సెమ్మెస్ గేట్‌వే నెమ్మదించినప్పుడు వాయిదా వరుస మీద లాక్ పట్టుకుని కూర్చోవడం కూడా తప్పుతుంది.

జాగ్రత్తలు: ట్రాన్సాక్షన్ లేని చోటి నుంచి ఈవెంట్ పబ్లిష్ చేస్తే లిజనర్ నడవదు, ఎర్రర్ కూడా చూపదు. ఐదో మెట్టులోని వాచ్‌మన్ సమస్య ఇక్కడ “ఎస్సెమ్మెస్‌లు పోవట్లేదు” అన్న రూపంలో వస్తుంది. లిజనర్‌లో డేటాబేస్‌కి ఏదైనా రాయాలంటే రిక్వైర్స్_న్యూ తప్పనిసరి. కమిట్ అయ్యాక, మెసేజ్ పంపేలోపు సర్వర్ ఆగిపోతే ఆ మెసేజ్ పోయినట్టే. ఒక్కటి కూడా పోకూడదంటే “పంపాల్సిన మెసేజ్‌లు” అని ఒక టేబుల్ పెట్టి, జమతో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో అందులో వరుస రాయండి. వేరే జాబ్ వచ్చి పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది.

9. టైమ్‌అవుట్, రీడ్‌ఓన్లీ

స్ప్రింగ్.ట్రాన్సాక్షన్.డీఫాల్ట్-టైమ్‌అవుట్ ఒకటి పెట్టుకోండి, మామూలు వెబ్ రిక్వెస్టులకు 10 సెకన్లతో మొదలుపెట్టొచ్చు. ఇది మధ్యలో ఇరుక్కున్న జావా లూప్‌ని ఆపదు, తర్వాతి క్వెరీ నడిపేటప్పుడే బయటపడుతుంది. చదవడానికే ఉన్న మెథడ్లకు రీడ్‌ఓన్లీ = ట్రూ ఇవ్వండి. క్లాస్ మొత్తానికి ఇచ్చి, రాసే మెథడ్ మీద మళ్లీ @ట్రాన్సాక్షనల్ పెట్టడం మరిచిపోతే మార్పు చడీచప్పుడు లేకుండా పోవచ్చు, కొన్ని డేటాబేసుల్లో ఎర్రర్ రావచ్చు.

10. టెస్ట్ రాసి చూసుకోండి

టెస్ట్ క్లాస్ మీద @ట్రాన్సాక్షనల్ పెట్టకండి. అది ఉంటే టెస్టే ఒక ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, చివర్లో రోల్‌బ్యాక్ చేస్తుంది. సర్వీస్‌లో మీరు పెట్టడం మరిచిపోయినా టెస్ట్ పచ్చగానే కనిపిస్తుంది. కమిట్ జరగదు కాబట్టి ఎస్సెమ్మెస్ లిజనర్ నడవదు, ఫ్లష్ అవ్వని (డేటాబేస్‌కి ఇంకా పంపని) మార్పుల్లో ఉన్న కన్‌స్ట్రెయింట్ తప్పులు బయటికి రావు. @డేటాజేపీఏటెస్ట్‌లో ఇది ముందే కలిసి వస్తుంది, అది కూడా గమనించండి. టేబుళ్లు మీరే శుభ్రం చేసుకోండి. మెమరీలో నడిచే హెచ్2 డేటాబేస్ బదులు, టెస్ట్ కోసం అసలు డేటాబేస్‌నే డాకర్‌లో లేపే టెస్ట్‌కంటైనర్స్‌తో మీరు నిజంగా వాడే డేటాబేస్ మీదే నడపండి, లాకుల ప్రవర్తన ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది.

టెస్ట్ చేయాల్సింది ఇది: బాకీ 20,000తో సభ్యుణ్ణి పెట్టండి, బాకీ తగ్గించే చోట ఎక్సెప్షన్ వచ్చేలా చేయండి, జమచేయి()ని పిలవండి. పేమెంట్స్‌లో 0 వరుసలు, బాకీ 20,000. ఇదే టెస్ట్ చెక్డ్ ఎక్సెప్షన్‌తో ఇంకోసారి, అందరివీజమచేయి() ద్వారా మరోసారి. మూడూ పాసయ్యాక @ట్రాన్సాక్షనల్ తీసేసి నడపండి, మూడూ ఫెయిల్ అవ్వాలి. ఫెయిల్ అవ్వకపోతే టెస్టే తప్పు.

ప్రొడక్షన్‌కి వెళ్లాక ట్రేస్ లాగ్ తీసేయండి, ఫైల్ నిండిపోతుంది. దాని బదులు రోజూ రాత్రి ఒక క్వెరీ నడపండి: ప్రతి సభ్యుడికీ మొదటి బాకీలోంచి పేమెంట్ల మొత్తం తీసేసి, ఇప్పటి బాకీతో పోల్చి, తేడా ఉన్నవాళ్లను మాత్రమే చూపించాలి. ఒక్క వరుస కూడా రాకూడదు. వస్తే మర్నాడు కౌంటర్ తెరిచేలోపు ఆ సభ్యుడికి మీరే ఫోన్ చేయించండి.